కంప్యూటర్ చిత్రణలో ఇంటి వెలుపలి వెలుగు

ఇంకా కట్టని ఇల్లు కట్టిన తరువాత ఎలా ఉంటుందో ఛాయాచిత్రాన్ని తలపించే విధంగా కంప్యూటర్ ద్వారా చిత్రించే ప్రక్రియను రెండరింగ్ అంటారు. ఇంటి ముఖభాగాన్ని చూపే ఇటువంటి చిత్రాన్ని తెలుగునాట కట్టుబడి పనివారు, ఇంజనీర్లు 'ఎలివేషన్' అని వ్యవహరిస్తారు. గోడలు, కిటికీలు, సజ్జలు, పిట్టగోడ ఎంత కచ్చితమైన కొలతలతో రూపొందించినప్పటికీ, వాటిపై పడే వెలుగు సహజంగా లేకపోతే ఆ చిత్రం అట్టముక్కలతో చేసిన బొమ్మరిల్లులా కనిపిస్తుంది.

పగటివేళ ఇంటి వెలుపల కనిపించే వెలుగుకు మూలాలు రెండే: సూర్యుడు, ఆకాశం. ఈ రెండింటి కాంతి నేలపై, గోడలపై, చెట్లపై పడి పరావర్తనం చెందడం వలన మూడవ వెలుగు ఏర్పడుతుంది. ఈ మూడింటి మధ్య గల నిష్పత్తిని ప్రకృతిలో ఉన్నట్లుగా పాటించడమే సహజమైన చిత్రణకు మూలసూత్రం. చిత్రం బాగా రాలేదని అదనపు దీపాలను చేర్చుకుంటూ పోవడం వలన ఈ నిష్పత్తి చెడి, చిత్రం మరింత కృత్రిమంగా మారుతుంది.

పగటి వెలుగులోని భాగాలు

నేరుగా పడే ఎండ: భూమి నుండి చూసినప్పుడు సూర్యబింబం వ్యాసం సుమారు అర డిగ్రీ మాత్రమే. తలపై కనిపించే ఆకాశపు అర్ధగోళంలో ఇది దాదాపు తొంభై వేలవ వంతు. అయినను నిర్మలమైన రోజున మధ్యాహ్నం భూమిపై పడే వెలుగులో అధికభాగం ఈ చిన్న బింబం నుండే వస్తుంది. ఎండ, ఆకాశం కలిసి నేలపై ఇచ్చే వెలుగు సుమారు 1,00,000 లక్సులు ఉంటుంది.

ఆకాశపు వెలుగు: వాతావరణంలోని అణువులు సూర్యకాంతిని అన్ని దిక్కులకు పరిక్షేపణం చేస్తాయి. ర్యాలీ సూత్రం ప్రకారం ఈ పరిక్షేపణం తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. అందువలన 450 నానోమీటర్ల నీలికాంతి, 650 నానోమీటర్ల ఎర్రకాంతి కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం ఇదే. నిర్మలాకాశం నుండి నేలకు చేరే వెలుగు సుమారు 10,000 నుండి 20,000 లక్సులు. ఎండ తగలని నీడలో కూడా వస్తువులు స్పష్టంగా కనిపించడానికి ఈ వెలుగే ప్రధాన కారణం. ఆరుబయటి నీడలు నల్లగా కాక, కొద్దిగా నీలి ఛాయతో ఉండడానికి కూడా ఇదే కారణం.

పరావర్తిత కాంతి: నేల, ఎదుటి గోడ, ప్రహరీ, చెట్ల ఆకులు తమపై పడిన కాంతిలో కొంత భాగాన్ని తమ రంగుతో సహా తిరిగి పంపుతాయి. ఎర్రమట్టి వాకిలి ఉన్న ఇంట్లో సజ్జ అడుగుభాగం లేత ఎరుపు కలిసిన వెచ్చని రంగులో కనిపించడం, పచ్చిక దగ్గరలోని తెల్లగోడ దిగువభాగంలో ఆకుపచ్చ ఛాయ కనిపించడం ఇందుకు ఉదాహరణలు. సజ్జ అడుగుభాగానికి ఎండ నేరుగా తగలదు, ఆకాశం కూడా కనిపించదు. అక్కడికి చేరేది చాలావరకు నేల నుండి పైకి తిరిగి వచ్చిన వెలుగే. కనుక ఒక చిత్రంలో పరావర్తిత కాంతిని లెక్కించారో లేదో తెలుసుకోవడానికి సజ్జ అడుగుభాగాన్ని చూస్తే చాలును.

నీడల అంచులు

సూర్యుడు బిందువు కాక బింబం కావడం వలన నీడ అంచు కత్తితో కోసినట్లు ఉండదు. పూర్తి నీడకు, పూర్తి ఎండకు మధ్య పాక్షికచ్ఛాయ ఉంటుంది. దాని వెడల్పు, నీడనిచ్చే వస్తువుకు, నీడ పడే తలానికి మధ్య గల దూరంలో సుమారు నూరవ వంతు. కిరణాలకు లంబంగా ఉన్న తలంపై ఒక మీటరు దూరానికి సుమారు 9 మిల్లీమీటర్లు, పది మీటర్ల దూరానికి సుమారు 9 సెంటీమీటర్లు వస్తుంది. తలం ఏటవాలుగా ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది. అందువలన కిటికీ ఊచల నీడ వెనుకనున్న తలుపుపై స్పష్టంగాను, మేడపై ఉన్న నీళ్ళ ట్యాంకు నీడ వాకిట్లో మెత్తని అంచుతోను పడుతుంది. ఒకే చిత్రంలో ఈ రెండు రకాల అంచులూ ఉండాలి.

చెట్టు నీడలో కనిపించే గుండ్రని ఎండ మచ్చలు కూడా ఈ కారణంగానే ఏర్పడుతాయి. ఆకుల మధ్య సందులు ఏ ఆకారంలో ఉన్నప్పటికీ, నేలపై పడే మచ్చలు సూర్యబింబపు ప్రతిబింబాలు కనుక గుండ్రంగా ఉంటాయి. పాక్షిక సూర్యగ్రహణ సమయంలో ఇవే మచ్చలు నెలవంకల ఆకారాన్ని పొందుతాయి. సూర్యుని పరిమాణం లేని బిందువుగా తీసుకొని చిత్రిస్తే ఈ మచ్చలు రావు. ఆకుల సందులే నేలపై యథాతథంగా అచ్చుగుద్దినట్లు పడుతాయి. చూసేవారికి కారణం తెలియకపోయినా, ఏదో తేడా ఉన్నదని మాత్రం తోస్తుంది.

చరిత్ర

కంప్యూటర్ ద్వారా నీడలను లెక్కించే ప్రయత్నాలు 1960లలో మొదలయ్యాయి. 1968లో ఐబీఎం సంస్థకు చెందిన ఆర్థర్ అపెల్, చూసేవారి కంటి నుండి వస్తువుల వైపు కిరణాలను పంపి, అవి తాకిన చోటికి వెలుగు అందుతున్నదా లేదా అని పరీక్షించే పద్ధతిని ప్రకటించాడు. 1980లో బెల్ ప్రయోగశాలలకు చెందిన టర్నర్ విటెడ్ ఈ కిరణాలు అద్దంలో పరావర్తనం చెందడాన్ని, గాజులో వక్రీభవనం చెందడాన్ని కూడా లెక్కలోకి తెచ్చాడు. దీనిని రే ట్రేసింగ్ అంటారు. అయితే ఈ చిత్రాలలో గరుకు గోడల నుండి తిరిగి వచ్చే వెలుగుకు లెక్క లేదు. దానికి బదులుగా అన్ని చోట్లా ఒకే స్థిరమైన వెలుగును కలిపేవారు.

1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గోరల్, టోరెన్స్, గ్రీన్‌బెర్గ్, బట్టెయిల్ ఉష్ణప్రసార శాస్త్రం నుండి గ్రహించిన రేడియాసిటీ పద్ధతి ద్వారా ఒక గోడ నుండి మరొక గోడకు చేరే కాంతిని లెక్కించారు. 1986లో జేమ్స్ కజియా 'రెండరింగ్ సమీకరణం' ప్రతిపాదించాడు. ఒక బిందువు నుండి కంటికి వచ్చే కాంతి, ఆ బిందువు స్వయంగా వెలువరించే కాంతికి, అన్ని దిక్కుల నుండి దానిపై పడి తిరిగి వచ్చే కాంతికి మొత్తమని ఈ సమీకరణం చెబుతుంది. నేటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లలో అధికభాగం ఈ సమీకరణాన్ని సాధించే ప్రయత్నాలే. అదే సంవత్సరం జపాన్‌కు చెందిన నిషిత, నకమయే ఆకాశపు వెలుగులో భవనాల వంటి వస్తువులు ఎలా కనిపిస్తాయో లెక్కించే పద్ధతిని ప్రచురించారు.

1998లో పాల్ డెబెవెక్, నిజమైన ప్రదేశంలోని వెలుగును ప్రత్యేక ఛాయాచిత్రంగా బంధించి, దానితోనే కృత్రిమ వస్తువులను వెలిగించే పద్ధతిని వివరించాడు. 1999లో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రీథమ్, షర్లీ, స్మిట్స్ పగటి ఆకాశపు కాంతిని, రంగును సులభమైన సూత్రాలలో ఇమిడ్చారు. 2012లో హోసెక్, విల్కీ దీనిని మెరుగుపరచి, నేల నుండి తిరిగి ఆకాశానికి చేరే వెలుగును కూడా చేర్చారు. 2011లో ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో సైకిల్స్ అనే రెండరింగ్ యంత్రాంగం చేరడంతో ఈ పద్ధతులు ఖర్చు లేకుండా విద్యార్థులకు కూడా అందుబాటులోకి వచ్చాయి.

సూర్యుని స్థానం

అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం ఇస్తే సూర్యుని దిక్కును, ఉన్నతి కోణాన్ని సాఫ్ట్‌వేర్ స్వయంగా లెక్కిస్తుంది. ఇంటి ఉత్తర దిక్కును కూడా సరిగా సూచించాలి. ఈ వివరాలు ఇవ్వకపోతే, ఇంటిపై వేరొక దేశపు ఎండ పడుతుంది.

హైదరాబాదు ఉత్తర అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. అక్కడ మధ్యాహ్న సూర్యుని స్థానం ఈ విధంగా ఉంటుంది.

* డిసెంబరు 21 ప్రాంతంలో: దక్షిణ దిక్కున, క్షితిజం నుండి సుమారు 49 డిగ్రీల ఎత్తులో.
* మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాలలో: దక్షిణ దిక్కున, సుమారు 73 డిగ్రీల ఎత్తులో.
* మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను: సరిగా నడినెత్తిన.
* జూన్ 21 ప్రాంతంలో: ఉత్తర దిక్కున, సుమారు 84 డిగ్రీల ఎత్తులో.

లండన్ నగరంలో (51.5 డిగ్రీలు) మధ్యాహ్న సూర్యుడు డిసెంబరులో సుమారు 15 డిగ్రీల ఎత్తులోను, జూన్‌లో సుమారు 62 డిగ్రీల ఎత్తులోను ఉంటాడు. ఏ రోజునా మధ్యాహ్నవేళ ఉత్తరానికి రాడు. తెలుగు రాష్ట్రాలు కర్కటరేఖకు దక్షిణాన ఉండడం వలన ఈ తేడా ఏర్పడుతుంది. హైదరాబాదులో మే రెండవ వారం నుండి జూలై చివరి వరకు సూర్యుడు ఉదయం నుండి సాయంత్రం వరకు తూర్పు పడమరల రేఖకు ఉత్తరంగానే సంచరిస్తాడు. ఆ రోజులలో దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలదు. ఉదయం, సాయంత్రం ఉత్తరపు గోడకే తగులుతుంది. శీతాకాలంలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది.

సజ్జ నీడ లెక్క దీనికి మంచి ఉదాహరణ. రెండు అడుగుల సజ్జ దక్షిణపు గోడకు ఉంటే, డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ గోడపై సుమారు 2.3 అడుగుల మేరకే దిగుతుంది. మార్చి 21న సుమారు 6.4 అడుగుల మేరకు దిగి, సాధారణమైన కిటికీని పూర్తిగా కప్పుతుంది. అనగా అదే సజ్జ చలికాలంలో ఎండను లోనికి రానిచ్చి, ఎండలు ముదిరే వేళకు అడ్డుకుంటుంది. సూర్యుని సరిగా నిలిపిన చిత్రం ఈ విషయాన్ని మాటలు లేకుండానే ఇంటివారికి చూపుతుంది. సూర్యుని ఇష్టం వచ్చిన చోట నిలిపిన చిత్రం, సజ్జ చాలదన్న సంగతిని ఇల్లు కట్టిన తరువాత గాని తెలియనివ్వదు.

సమయం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు సమీపంగా పోతుంది. హైదరాబాదు దానికి సుమారు 4 డిగ్రీలు పడమరగా ఉన్నందున అక్కడ సూర్యుడు సగటున 16 నిమిషాలు ఆలస్యంగా మధ్యాహ్నరేఖకు చేరుతాడు. సాఫ్ట్‌వేర్‌లో కాలమండలాన్ని 5 గంటల 30 నిమిషాలుగా ఇవ్వకపోతే నీడలన్నీ తప్పు దిక్కున పడుతాయి.

ఆకాశాన్ని చిత్రించే పద్ధతులు

ఆకాశపు వెలుగును సమకూర్చడానికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది గణిత నమూనా. సూర్యుని స్థానాన్ని బట్టి ఆకాశంలోని ప్రతి భాగపు కాంతిని, రంగును సూత్రాల ద్వారా లెక్కిస్తారు. గాలిలోని ధూళిని, తేమను సూచించడానికి టర్బిడిటీ అనే విలువ ఉంటుంది. ఇది 2 ప్రాంతంలో ఉంటే ఆకాశం చాలా నిర్మలంగాను, 10 ప్రాంతంలో ఉంటే తెల్లబారి మసకగాను ఉంటుంది. వాన వెలిసిన తరువాతి నీలాకాశానికి తక్కువ విలువను, నడివేసవి తెల్లని ఆకాశానికి ఎక్కువ విలువను ఇవ్వాలి. టర్బిడిటీ పెరిగిన కొద్దీ ఎండ తీవ్రత తగ్గి, ఆకాశపు వాటా పెరుగుతుంది. కాబట్టి నీడలు కూడా పలచబడుతాయి.

రెండవది హెచ్‌డీఆర్ చిత్రం. ఒకే ప్రదేశాన్ని చుట్టూ అన్ని దిక్కులకు, వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఛాయాచిత్రాలను కలిపి దీనిని తయారుచేస్తారు. మేఘాలు, చెట్లు, చుట్టుపక్కల భవనాలు ఇందులో సహజంగా ఉంటాయి. సాధారణ ఛాయాచిత్రం ఇందుకు పనికిరాదు. సూర్యబింబపు తీవ్రత నీలాకాశం కంటే లక్షల రెట్లు ఎక్కువ. 256 మెట్లు మాత్రమే ఉన్న సాధారణ చిత్రంలో సూర్యుడు, తెల్లమబ్బు రెండూ ఒకే తెలుపుగా నమోదవుతాయి. అటువంటి చిత్రంతో వెలిగించిన ఇంటికి నీడలే ఉండవు.

హెచ్‌డీఆర్ చిత్రాలలో కూడా కొన్నింటిలో సూర్యుని పూర్తి తీవ్రత నమోదు కాదు. అప్పుడు సూర్యుని విడిగా చేర్చి, చిత్రంలోని సూర్యుని స్థానంతో సరిపోల్చాలి. పూర్తి తీవ్రత ఉన్న చిత్రానికి మరొక సూర్యుని చేర్చితే రెండు నీడలు పడుతాయి. ఐరోపాలో శీతాకాలంలో తీసిన ఆకాశాన్ని విజయవాడ ఇంటికి వాడితే, మిట్టమధ్యాహ్నమని చెప్పిన చిత్రంలో సాయంకాలపు పొడవాటి నీడలు కనిపిస్తాయి.

గోడలు, నేల, గాజు

వెలుగు ఎంత సరిగా ఉన్నా, దానిని స్వీకరించే తలాల గుణాలు తప్పుగా ఉంటే ఫలితం ఉండదు. తాజాగా వేసిన తెల్లరంగు గోడ తనపై పడిన కాంతిలో సుమారు 80 శాతం, పాత కాంక్రీటు సుమారు 30 శాతం, తారురోడ్డు సుమారు 5 నుండి 10 శాతం తిరిగి పంపుతాయి. తెల్లగోడకు 100 శాతం విలువను ఇవ్వడం చాలా సాధారణమైన పొరపాటు. అటువంటి గోడ సున్నం వేసినట్లు కాక, స్వయంగా వెలుగుతున్నట్లు కనిపిస్తుంది. అదే విధంగా, ఏ తలానికీ పూర్తి నలుపు ఇవ్వరాదు.

కాంతి ఎన్నిసార్లు పరావర్తనం చెందే వరకు లెక్కించాలన్నది కూడా తలాల రంగుపై ఆధారపడుతుంది. 80 శాతం పరావర్తనం గల తెల్లగోడల మధ్య నాలుగుసార్లు తిరిగిన తరువాత కూడా 41 శాతం కాంతి మిగులుతుంది. 30 శాతం పరావర్తనం గల గోడల మధ్య ఒక శాతం కూడా మిగలదు. అందువలన తెల్లని వరండాకు, ఇళ్ళ మధ్య సందుకు ఎక్కువ పరావర్తనాలు లెక్కించాలి. ఒకటి రెండింటితో ఆపితే వరండా గుహలా కనిపిస్తుంది.

గాజుకు కోణాన్ని బట్టి గుణం మారుతుంది. ఎదురుగా చూసినప్పుడు ఒక పలక గాజు సుమారు 8 శాతం కాంతిని పరావర్తనం చేస్తుంది. ఏటవాలుగా చూసిన కొద్దీ ఇది పెరిగి, చివరకు అద్దంలా మారుతుంది. పగటివేళ కిటికీ గాజులో కనిపించేది చాలావరకు ఎదుటి ఆకాశం, చెట్లు, ఎదురింటి గోడలే. చిత్రంలో ఇంటి ఎదుట ఏమీ లేకపోతే గాజులో ప్రతిఫలించడానికి ఏమీ ఉండదు. అందువలన కెమెరా వెనుకవైపు కూడా కొన్ని చెట్లను, ఒక వీధిని ఉంచుతారు.

ఎక్స్‌పోజర్, రంగుల మార్పిడి

నిజమైన కొలతలతో వెలిగించిన దృశ్యాన్ని చూడడానికి నిజమైన కెమెరా అమరిక కావాలి. ఫోటోగ్రఫీలో 'సన్నీ 16' అనే నియమం ఉన్నది. నిండు ఎండలో ఐఎస్ఓ 100 వద్ద ఎఫ్/16 ఎపర్చర్‌కు సెకనులో నూరవ వంతు షట్టర్ సమయం సరిపోతుందని ఈ నియమం చెబుతుంది. సూర్యుడు, ఆకాశం నిజమైన విలువలలో ఉన్నప్పుడు ఈ అమరికతో తీసిన చిత్రం సుమారుగా సరైన వెలుగులో రావాలి. రాకపోతే లోపం కెమెరాలో కాక, వెలుగు విలువలలో గాని, తలాల గుణాలలో గాని ఉన్నదని గ్రహించవచ్చును.

కాంతి లెక్కలు సరళరేఖీయమైన విలువలలో జరగాలి. అనగా రెట్టింపు కాంతికి రెట్టింపు సంఖ్య ఉండాలి. అయితే కంప్యూటర్ తెరలకు ఉద్దేశించిన ఎస్‌ఆర్‌జీబీ చిత్రాలలో సంఖ్యలు ఈ విధంగా ఉండవు. 18 శాతం పరావర్తనం గల బూడిదరంగు 255లో 46కు బదులుగా 118గా నమోదవుతుంది. గోడకు అతికించే ఇటుకల ఛాయాచిత్రాన్ని ముందుగా సరళరేఖీయ విలువలకు మార్చి, లెక్క పూర్తయిన తరువాత తిరిగి తెరకు అనుగుణంగా మార్చాలి. ఈ సవరణ లేకపోతే నీడలు మరీ నల్లగాను, ఎండ పడిన భాగాలు మండిపోయినట్లుగాను వస్తాయి. దానిని కప్పిపుచ్చడానికి అదనపు దీపాలను చేర్చడం తరచుగా జరుగుతుంది. అసలు లోపం వెలుగులో లేదు కనుక దీపాలతో అది తీరదు.

చివరిగా, తెరపై పట్టని తీవ్రమైన వెలుగును క్రమంగా కుదించే ప్రక్రియను టోన్ మ్యాపింగ్ అంటారు. ఫిల్ము వలె తెలుపు వైపుకు మెల్లగా వంగే రేఖను వాడితే, ఎండ పడిన తెల్లగోడపై గిలాబా గరుకుదనం చెరిగిపోకుండా నిలుస్తుంది.

సంధ్యవేళ చిత్రాలు

మిట్టమధ్యాహ్నం బయట లక్ష లక్సులు ఉంటే, దీపం వెలిగించిన గదిలో కొన్ని వందల లక్సులు మాత్రమే ఉంటాయి. కనుక పగటి చిత్రంలో కిటికీలు చీకటిగా కనిపించడమే సహజం. మధ్యాహ్నపు ఎండలో బంగారు రంగులో వెలిగే కిటికీలు నిజజీవితంలో ఉండవు.

సూర్యాస్తమయం తరువాత బయటి వెలుగు తగ్గి, కొద్దిసేపు గదిలోని వెలుగుకు సమానమవుతుంది. ఇల్లు, ఆకాశం, కిటికీలు మూడూ కలిసి కనిపించే సమయం ఇదే. భవనాల ఛాయాచిత్రకారులు ఈ వేళను ఎంతో ఇష్టపడుతారు. తెలుగు రాష్ట్రాలు ఉన్న అక్షాంశాలలో సూర్యుడు క్షితిజానికి నిటారుగా దిగడం వలన, అస్తమయం నుండి సూర్యుడు ఆరు డిగ్రీలు దిగువకు చేరే వరకు పట్టే సమయం ఇరవై నిమిషాలకు కొద్దిగా పైన మాత్రమే. ఈ వేళ ఆకాశం గాఢ నీలంగా ఉంటుంది. దీపాల రంగును కూడా ఇంటిని బట్టి నిర్ణయించాలి. 2700 కెల్విన్ల పసుపు వెలుగు అనేక విదేశీ చిత్రాలలో కనిపిస్తుంది. తెలుగు ఇళ్ళలో విరివిగా వాడే తెల్లని ట్యూబులైట్ల వెలుగు 6500 కెల్విన్ల ప్రాంతంలో ఉంటుంది.

గణన భారం

కజియా సమీకరణాన్ని కంప్యూటర్ సాధారణంగా యాదృచ్ఛిక నమూనాల ద్వారా సాధిస్తుంది. ప్రతి పిక్సెల్ నుండి అనేక కిరణాలను పంపి, వాటి సగటును తీసుకుంటుంది. కిరణాలు తక్కువైతే చిత్రంపై ఇసుక చల్లినట్లు నలుసులు కనిపిస్తాయి. నలుసులను సగానికి తగ్గించాలంటే కిరణాల సంఖ్యను నాలుగు రెట్లు చేయాలి. పదవ వంతుకు తగ్గించాలంటే నూరు రెట్లు చేయాలి. ఈ కారణంగా నలుసులను గుర్తించి తొలగించే డీనాయిజర్లు వాడుకలోకి వచ్చాయి. ఇంటెల్ సంస్థ 2019లో విడుదల చేసిన ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ వీటిలో ఒకటి. మితిమీరి వాడితే ఇవి గోడల గరుకుదనాన్ని, దూరపు ఆకులను కూడా చెరిపివేస్తాయి.

సాధారణ దోషాలు

* నీడలు పూర్తిగా నల్లగా ఉండడం: ఆకాశపు వెలుగును గాని, పరావర్తనాలను గాని లెక్కించలేదు.
* నీడలు దాదాపు కనిపించకపోవడం: ఆకాశపు వాటా ఎక్కువైనది, లేదా అన్ని చోట్లా స్థిరమైన వెలుగును కలిపారు.
* నీడల అంచులన్నీ ఒకే విధంగా ఉండడం: సూర్యునికి అర డిగ్రీ పరిమాణం ఇవ్వలేదు.
* ఇల్లు నేలపై తేలుతున్నట్లు ఉండడం: గోడ, నేల కలిసే చోట ఏర్పడవలసిన మసక నీడ లేదు.
* ఇల్లు ఆటబొమ్మలా ఉండడం: కొలతల ప్రమాణం తప్పు. అడుగులను మీటర్లుగా తీసుకుంటే గోడపై ఇటుకలు నిష్పత్తి తప్పుతాయి.
* మబ్బు పట్టిన ఆకాశం కింద చురుకైన నీడలు ఉండడం: వెనుక అతికించిన ఆకాశం వేరు, ఇంటిని వెలిగించిన ఆకాశం వేరు.

లోపాలను గుర్తించడానికి ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ విద్యార్థులు అనుసరించదగిన సులభమైన పద్ధతి ఒకటి ఉన్నది. అన్ని తలాలకు ఒకే బూడిదరంగును ఇచ్చి, సూర్యుని, ఆకాశాన్ని మాత్రమే ఉంచి చిత్రించాలి. ఆ బూడిద చిత్రంలో ఇల్లు నమ్మదగినదిగా కనిపించిన తరువాతనే రంగులు, గాజు, చెట్లు చేర్చాలి. ఒక్కొక్క మార్పు తరువాత చిత్రాన్ని పరిశీలిస్తే ఏ మార్పు వలన దోషం వచ్చినదో వెంటనే తెలుస్తుంది. అదే తేదీన, అదే సమయానికి, అదే దిక్కుకు ఉన్న నిజమైన ఇంటి ఛాయాచిత్రాన్ని పక్కన ఉంచుకొని పోల్చడం ఇంకా మంచిది.

చిత్రం, వాస్తవం

ఇంటి వెలుపలి చిత్రం అందం కొరకు మాత్రమే కాదు. ఆ చిత్రాన్ని చూసి కుటుంబాలు జీవితకాలపు పొదుపును వెచ్చిస్తాయి. పక్కన ఉన్న ఐదంతస్తుల భవనాన్ని తొలగించి, సందులోని ఇంటికి నాలుగువైపులా ఎండ చూపడం సాంకేతికంగా చాలా సులభం. ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే ఎండ తగిలే గోడను నిత్యం నీరెండలో మెరుస్తున్నట్లు చూపడం కూడా అంతే సులభం. వెలుగు సహజంగా కనిపించిన కొద్దీ ఇటువంటి అవాస్తవాన్ని గుర్తించడం కష్టమవుతుంది. కనుక చిత్రం చూడడానికి సహజంగా ఉండడం, ఆ స్థలానికి నిజమై ఉండడం ఒకటి కాదు.

భారతదేశంలో స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 లోని 12వ సెక్షన్ ప్రకటనలకు సంబంధించినది. ప్రకటనలోని లేదా ప్రాస్పెక్టస్‌లోని తప్పుడు సమాచారాన్ని నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారికి నిర్మాణదారు పరిహారం చెల్లించాలని ఈ సెక్షన్ నిర్దేశిస్తుంది. కొనుగోలుదారు ఒప్పందం నుండి వైదొలగదలిస్తే సొమ్మును వడ్డీతోను, పరిహారంతోను తిరిగి చెల్లించాలి.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ 1980లలో ప్రారంభించిన రేడియన్స్ అనే సాఫ్ట్‌వేర్ వెలుగు పరిమాణాన్ని లెక్కించడానికి కూడా ఉద్దేశించబడినది. దాని ద్వారా ఒక గోడపై, ఒక గదిలో ఎన్ని లక్సులు పడుతాయో నిర్మాణానికి ముందే అంచనా వేస్తారు. ఇదే విధంగా, స్థలపు అక్షాంశం, ఉత్తర దిక్కు, పొరుగు భవనాల ఎత్తు సరిగా ఇచ్చి, తేదీని, సమయాన్ని చిత్రం కింద ముద్రిస్తే ఎలివేషన్ చిత్రాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చును. డిసెంబరులో ఒకటి, మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి చొప్పున ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కలిపి తొమ్మిది చిత్రాలు తీస్తే, ఏ గోడకు ఎప్పుడు ఎండ తగులుతుందో, ఏ కిటికీకి సజ్జ పెంచవలసి ఉన్నదో, చెట్టును ఏ వైపున నాటాలో పునాది తీయకముందే తెలుస్తుంది.